మౌనం తప్పించుకోవడమా, తట్టుకోవడమా?

విద్యార్థి ఎవరైనా టెన్షన్‌లో ఉన్నారని తెలిస్తే చాలామంది నోట ముందుగా వచ్చే సలహా ఒకటే: "లోపల పెట్టుకోకు, ఎవరితోనైనా చెప్పుకో." క్యాంపస్ పోస్టర్లు ఆ మాటే అంటాయి, కౌన్సెలర్లూ ఆ మాటే అంటారు. చెప్పుకుంటే మనసు తేలికపడుతుందన్న దాంట్లో అనుమానించడానికి ఏముంది అనిపిస్తుంది. కానీ 2007లో మనస్తత్వ శాస్త్రవేత్తలు షెల్లీ టేలర్, హీజంగ్ కిమ్, వారి సహచరులు అమెరికాలో ప్రచురించిన ఒక ప్రయోగం గురించి తెలిశాక ఈ సలహాను అంత ధీమాగా ఇవ్వలేం.

యూరప్ మూలాలున్న విద్యార్థులనూ, ఆసియా మూలాలున్న విద్యార్థులనూ పిలిచి, ఎవరికైనా చెమటలు పట్టించే పనులు అప్పగించారు. కష్టమైన లెక్కలు మనసులోనే కట్టి పైకి చెప్పాలి, ఆపైన ప్రసంగం చేయాలి. ఈ పరీక్ష మధ్యలో కొందరిని తమ ఆత్మీయులకు సలహా, సాయం కోరుతూ ఉత్తరం రాయమన్నారు. మరికొందరిని ఎవరినీ ఏమీ అడగొద్దన్నారు. తమకు దగ్గరైన బృందం ఏదో తలచుకుని, అందులో తమకు ముఖ్యమనిపించే సంగతులు రాస్తే చాలన్నారు. ఒత్తిడి పెరిగినప్పుడు ఒంట్లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్‌ను లాలాజలంలో కొలిచారు.

యూరప్ మూలాలున్న విద్యార్థులకు సాయం అడుగుతూ రాయడమే మేలు చేసింది. ఆసియా మూలాలున్న వాళ్ళ విషయంలో లెక్క తిరగబడింది. తమవాళ్ళు ఉన్నారని ఊరికే తలచుకున్నప్పుడు వాళ్ళ శరీరం కుదుటపడింది. సాయం అడగాల్సి వచ్చిన వాళ్ళలో ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. అడగడమే వాళ్ళకు ఇంకో పరీక్ష అయింది.

దీనికి కారణమేమిటన్నది అదే బృందం 2004లో ప్రచురించిన మరో అధ్యయనంలో కొంత దొరుకుతుంది. సాయం ఎందుకు అడగరని ఆరా తీస్తే, తన బాధతో ఎదుటివాళ్ళకు భారమవుతానని, పరువు పోతుందని, నలుగురి మధ్య ఉన్న సామరస్యం చెడుతుందని, విషయం మరింత ముదురుతుందని, చివరికి తననే తప్పుపడతారని జవాబులు వచ్చాయి. ఇవన్నీ బంధం గురించిన లెక్కలు. నోరు విప్పని విద్యార్థికి సిగ్గెక్కువనో, తన మనసేమిటో తనకే తెలియదనో అనుకుంటాం. ఆ విద్యార్థి మాత్రం తన మాట ఎవరి మీద ఎంత బరువు వేస్తుందో చాలా జాగ్రత్తగా తూచి చూసుకుంటూ ఉండవచ్చు.

సంస్కృతి ఎక్కడ దూరుతుంది?

ఒత్తిడి గురించి ఇప్పటికీ ఎక్కువమంది ఆధారపడే సిద్ధాంతం రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో పూర్తి రూపమిచ్చినది. ఒత్తిడి అనేది పరీక్షలోనూ లేదు, విద్యార్థిలోనూ లేదు, ఆ రెండింటి మధ్య జరిగే అంచనాలో ఉందన్నది వాళ్ళ వాదన. ముందు మనసు వేసే ప్రశ్న, ఇది నాకు ముప్పా? వెంటనే వచ్చే రెండో ప్రశ్న, ముప్పే అయితే దీన్ని ఎదుర్కోవడానికి నా దగ్గర ఏముంది? ఆ రెండు జవాబులను బట్టే మనిషి సమస్య మీద పనిచేస్తాడు, లేదంటే ఆ సమస్య రేపిన బాధ మీద పనిచేస్తాడు.

సంస్కృతి ఎక్కడో చివర వచ్చి రంగు పూసేది కాదని ఇక్కడే తెలుస్తుంది. మొదటి ప్రశ్నలోనే అది కూర్చుని ఉంటుంది. తక్కువ మార్కులు వచ్చాయంటే ఒకరికి అది తన తెలివి మీద తీర్పు. ఇంకొకరికి తన శ్రమ మీద తీర్పు. వేరొకరికి ఇంటిల్లిపాదీ తలదించుకోవాల్సిన విషయం. మార్కులు అవే, ముప్పు మాత్రం మూడు రకాలు. రెండో ప్రశ్నకు వచ్చేసరికి "నా దగ్గర" అన్న మాటలో ఎవరెవరు లెక్కకొస్తారన్నది కూడా సంస్కృతే తేలుస్తుంది. తానొక్కడేనా, అమ్మానాన్నలూ ఉన్నారా, దేవుడూ ఉన్నాడా?

మొదటి ప్రశ్నకు ఒక మంచి ఉదాహరణ స్టీవెన్ హైనె బృందం 2001లో ప్రచురించిన ప్రయోగాలు. జపాన్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ విద్యార్థులకు ఒక పని ఇచ్చి, కొందరికి బాగా చేశారని, కొందరికి సరిగ్గా చేయలేదని చెప్పారు. తర్వాత ఏదో సాకు చెప్పి, అదే రకం పని దగ్గర ఉంచి వాళ్ళను ఒంటరిగా వదిలేశారు. ఉత్తర అమెరికా విద్యార్థులు గెలిచామని విన్నప్పుడు ఆ పనిని ఎక్కువసేపు పట్టుకున్నారు, ఓడామని విన్నప్పుడు త్వరగా వదిలేశారు. జపాన్ విద్యార్థులు ఓడామని విన్నప్పుడే ఎక్కువసేపు కూర్చున్నారు. ఒకచోట ఓటమి "ఇది నీ దారి కాదు" అని చెబుతోంది, మరోచోట "ఇక్కడే ఇంకా పనుంది" అని చెబుతోంది.

రెండోదే గొప్ప అని చప్పట్లు కొట్టడానికి తొందరపడకూడదు. అంతా శ్రమలోనే ఉందని నమ్మే చోట ఓడిపోయిన ప్రతిసారీ తప్పు తనదే అవుతుంది. ప్రశ్నపత్రం అన్యాయంగా ఉన్నా, సీట్లు వందకు ఒకటే ఉన్నా, "ఇంకాస్త కష్టపడి ఉంటే" అన్న ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది. ఓటమి తర్వాత మళ్ళీ పుస్తకం తెరిపించే నమ్మకమే, ఎక్కడ ఆగాలో తెలియకుండా కూడా చేస్తుంది. ఈ రెండో ముఖం గురించి ప్రశంసల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు.

లోకాన్ని మార్చడం, తనను సర్దుకోవడం

పాఠ్యపుస్తకాల్లో ఒత్తిడిని తట్టుకునే పద్ధతులను రెండు గంపల్లో వేయడం అలవాటు. ప్రణాళిక వేసుకోవడం, సాయం అడగడం, సమస్యను ఢీకొనడం మంచి గంపలోకి వెళ్తాయి. ఓర్చుకోవడం, పక్కకు తప్పుకోవడం, జరిగేది జరుగుతుందని వదిలేయడం చెడ్డ గంపలోకి. ఈ విభజనకే నా అభ్యంతరం. దీన్ని తయారుచేసిన చోట అది చాలావరకు నిజమే అయి ఉండవచ్చు. అన్నిచోట్లా నిజమని ఎవరు చెప్పారు?

జాన్ వైజ్, ఫ్రెడ్ రోత్‌బామ్, థామస్ బ్లాక్‌బర్న్ 1984లో అమెరికా, జపాన్‌లను పోలుస్తూ దీన్ని వేరేలా చూపించారు. పరిస్థితిని తనకు అనుకూలంగా మార్చుకోవడం ఒకరకం పట్టు. పరిస్థితికి తగ్గట్టు తన కోరికనూ చూపునూ మార్చుకోవడం రెండోరకం పట్టు. రెండోదాన్ని లొంగిపోవడం అనుకుంటాం. దానికీ గట్టి ప్రయత్నం కావాలి, అందులోనూ మనిషి చేతిలో ఏదో ఉంటుంది. పరీక్ష తేదీ మారదు, సిలబస్ మారదు, పోటీ పడేవాళ్ళ సంఖ్య తగ్గదు. విద్యార్థి జీవితంలో తన చేతిలో లేని విషయాలే ఎక్కువ. అలాంటి చోట సర్దుకోవడాన్ని బలహీనత అనడం అన్యాయం.

తైవాన్‌లో హెప్నర్ బృందం ఈ సంగతిని నేరుగా పట్టుకుంది. వేరే దేశంలో తయారైన ప్రశ్నావళిని అనువదించి వాడకుండా, అక్కడి కాలేజీ విద్యార్థులు నిజంగా ఏం చేస్తారో దాని నుంచే కొత్త కొలమానం తయారుచేసి 2006లో ప్రచురించింది. అందులో ఐదు తరహాలు తేలాయి. స్వీకరించడం, వేరే కోణంలో చూడడం, కష్టపడడం మూడూ కలిసి ఒకే తరహాగా బయటపడ్డాయి. కుటుంబం అండ, భక్తి-ఆధ్యాత్మికత, పక్కకు తప్పుకోవడం, చాటుగా మనసు వెళ్ళగక్కుకునే దారులు మిగతా నాలుగు.

మొదటి తరహాను కొంచెం ఆగి చూడాలి. పాత గంపల లెక్కలో స్వీకరించడం ఒకవైపు, పట్టుదలగా శ్రమించడం ఇంకోవైపు. ఈ విద్యార్థుల జవాబుల్లో అవి విడదీయరానివిగా కలిసే వచ్చాయి. "ఇది ఇంతే" అని ఒప్పుకోవడం వల్లే మర్నాడు పొద్దున మళ్ళీ చదవడానికి కూర్చోగలిగే మనిషి ఉంటాడు. మన చుట్టూ చూసినా అలాంటివాళ్ళు తక్కువేం కాదు. చాటుగా వెళ్ళగక్కుకోవడం కూడా ఆసక్తికరమే. అయినవాళ్ళకు చెబితే వాళ్ళు బాధపడతారు, విషయం పాకుతుంది. ముక్కూమొహం తెలియని మనిషికి చెబితే ఆ చిక్కు లేదు. పిల్లలు ఇంట్లో నోరు మెదపకుండా ఫోన్‌లో ఎవరితోనో గంటల తరబడి చెప్పుకుంటున్నారని కంగారుపడే పెద్దలు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

అణచుకుంటే ఏమవుతుంది?

భావాలను అణచుకోవడం ఆరోగ్యానికి చేటు అని మనస్తత్వశాస్త్రం చాలాకాలంగా చెబుతోంది. హోసే సోటో బృందం 2011లో ఆ సంబంధాన్ని రెండుచోట్ల పరీక్షించింది. అమెరికాలో యూరప్ మూలాలున్న కాలేజీ విద్యార్థుల్లో భావాలు బయటపడనీయని అలవాటుకు, జీవితం పట్ల అసంతృప్తికి, దిగులుకు ముడి కనిపించింది. హాంకాంగ్ చైనీస్ విద్యార్థుల్లో ఆ ముడి కనిపించలేదు.

ఎందుకని ఆలోచిస్తే ఒక వివరణ సబబుగా తోస్తుంది. లోపల ఉన్నది బయటికి చెప్పడమే నిజాయితీ అనుకునే చోట, దాచుకున్న మనిషికి తాను నటిస్తున్నానన్న బాధ కూడా తోడవుతుంది. ఎదుటివాళ్ళు కూడా అతన్ని ముభావి అనుకుని దూరం జరుగుతారు. నలుగురిలో నిబ్బరంగా ఉండడం మర్యాద అనుకునే చోట, దాచుకోవడం ఎదుటివాళ్ళ కోసం చేసే పని. దానికి గౌరవం దక్కుతుంది, బంధమూ నిలుస్తుంది. పైకి చూస్తే ఒకే పని, దానికి వచ్చే ప్రతిఫలాలు వేరు.

అయితే "మా పిల్లలకు అలవాటే, ఏం కాదులే" అనడానికి ఇది అనుమతిపత్రం కాదు. సగటున ముడి కనిపించలేదంటే ఎవరికీ నొప్పి లేదని అర్థం కాదు. నోటితో చెప్పుకోలేనిది చాలాసార్లు ఒంటి ద్వారా బయటపడుతుంది కూడా. మానసిక వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ చైనాలోని హునాన్ రాష్ట్రంలో నరాల బలహీనత అని నిర్ధారణ అయిన 100 మంది రోగులను పరిశీలించి 1982లో వివరాలు ప్రచురించారు. తలనొప్పి, నిద్రలేమి, నీరసం వాళ్ళు చెప్పుకున్న బాధలు. జాగ్రత్తగా అడిగితే వాళ్ళలో 87 మందికి డిప్రెషన్ ఉందని తేలింది. అవి మావో నడిపించిన సాంస్కృతిక విప్లవం (1966–76) గాయాలు పచ్చిగా ఉన్న రోజులు. మనసు బాగోలేదని చెప్పడం రాజకీయంగా కూడా ప్రమాదమే అయిన చోట, తల నొప్పిగా ఉందని చెప్పడం సురక్షితం. సంస్కృతి అని మనం అనేదాంట్లో ఇలాంటి భయాలు ఎన్ని కలిసి ఉంటాయో వేరుచేసి చూడడం తేలిక కాదు.

వాళ్ళు విద్యార్థులు కారు, నిజమే. కానీ పరీక్షల రోజుల్లో కడుపునొప్పి, తలనొప్పి అంటూ డాక్టర్ దగ్గరికి వెళ్ళే పిల్లలను చూసిన ఎవరికైనా ఈ దారి కొత్తగా అనిపించదు. వాళ్ళు నాటకమాడుతున్నారని కొట్టిపారేయడం ఒక తప్పు. నొప్పికి మాత్ర ఇచ్చి పంపేయడం రెండో తప్పు. చాలా ఇళ్ళలో శరీరం బాగోలేదంటే ఎవరూ నింద వేయరు, పుస్తకం మూసి పడుకోమంటారు. మనసు బాగోలేదంటే "మేం చదువుకోలేదా" అన్న మాట వినాలి. పిల్లలు ఏ భాషకు జవాబు దొరుకుతుందో ఆ భాషలోనే మాట్లాడతారు.

దైవభక్తి సంగతి కూడా ఇలాంటిదే, కొద్దిగా చెప్పి వదిలేస్తాను. మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ పార్గమెంట్ ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనలో భక్తి ఒకే రకంగా పనిచేయదని తేలింది. దేవుడు తోడున్నాడని, ఈ కష్టానికి ఏదో అర్థముందని నమ్మేవాళ్ళకు అది ఊతమవుతుంది. దేవుడు తనను శిక్షిస్తున్నాడని, వదిలేశాడని నమ్మేవాళ్ళకు అదే మరింత దిగులు తెస్తుంది. "గుడికి వెళ్తాడా, ప్రార్థన చేస్తాడా" అని అడిగితే ఈ తేడా తెలియదు.

బయటికి కనిపించని ఖర్చు

కొన్ని సమాజాల్లో తట్టుకునే పద్ధతి సంస్కృతి నుంచి వచ్చిందా, వేరే దారి లేక వచ్చిందా అన్నది చెప్పడం కష్టం. అమెరికాలో సామాజిక ఎపిడెమియాలజిస్టు (జబ్బులకు సమాజ పరిస్థితులతో ఉన్న సంబంధాన్ని పరిశీలించే శాస్త్రవేత్త) షెర్మన్ జేమ్స్ 1980ల్లో నల్లజాతీయుల రక్తపోటును పరిశీలిస్తూ, ఎన్ని అడ్డంకులున్నా మరింత గట్టిగా శ్రమించే నెగ్గాలన్న స్వభావాన్ని కొలిచే పద్ధతి తయారుచేశారు. ఆ స్వభావానికి చేతిలో వనరులు లేకపోవడం తోడైతే రక్తపోటు పెరగవచ్చన్నది ఆయన ప్రతిపాదన.

జీన్ బ్రోడీ బృందం జార్జియా రాష్ట్రంలోని పల్లెప్రాంతాల్లో నల్లజాతి పిల్లలను ఏళ్ళపాటు గమనించి 2013లో ప్రచురించిన ఫలితాలు ఇంకా కలవరపెడతాయి. పేదరికంలో పెరుగుతూ కూడా చిన్నప్పుడే టీచర్ల చేత బుద్ధిమంతులు, సమర్థులు అనిపించుకున్న పిల్లలు 19 ఏళ్ళు వచ్చేసరికి మానసికంగా చక్కగా ఉన్నారు. దిగులు తక్కువ, దారితప్పడమూ తక్కువ. కానీ వాళ్ళ రక్తపోటు, ఒత్తిడి హార్మోన్లు వంటివి కలిపి చూస్తే శరీరం మీద పడిన అరుగుదల ఎక్కువగా ఉంది. పైకి గెలిచిన పిల్లలే లోపల ఎక్కువ మూల్యం చెల్లించారు.

పేదింటి బిడ్డ పట్టుదలతో చదివి పైకొచ్చిన కథలు పత్రికల్లో చదివినప్పుడు నాకు ఈ అధ్యయనం గుర్తొస్తుంది. ఆ కథల్లో పట్టుదలకు పొగడ్త ఉంటుంది, దాని బిల్లు ఎవరు కట్టారన్న ప్రశ్న ఉండదు. ఓర్పును సంస్కృతి గొప్పతనంగా చూపించి, ఓర్చుకోక తప్పని పరిస్థితిని అలాగే వదిలేయడం చాలా సులభం. ఫీజు కట్టలేని కుర్రాడికి ధ్యానం నేర్పడం అందుకే నాకు చిరాకు తెప్పిస్తుంది. ధ్యానం చెడ్డదని కాదు. అతని ముప్పు అంచనాలో పొరపాటేమీ లేదు, గడువు దాటితే నిజంగానే కాలేజీ నుంచి పంపేస్తారు.

పద్ధతి వెంట వస్తుంది, మనుషులు రారు

నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది, అన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చేది ఇంకొకటి ఉంది. ఒక పద్ధతి పనిచేయాలంటే దాని చుట్టూ తగిన మనుషులుండాలి. మొదట చెప్పిన ప్రయోగాన్నే మళ్ళీ చూడండి. అడగకపోయినా తమవాళ్ళున్నారన్న తలపుతోనే ఊరట కలగాలంటే, అసలు తమవాళ్ళు ఉండాలి. నోరు తెరవకుండానే మొహం చూసి కనిపెట్టే తల్లి, "ఏం జరిగింది" అని అడగకుండా పక్కన వచ్చి కూర్చునే అన్నయ్య, నాలుగు రోజులు వంటగదిలో సాయానికి పిలవని అత్తయ్య, వీళ్ళంతా ఆ మౌనంలో భాగమే. అడగకపోవడం అక్కడ చెల్లుతుంది, ఎందుకంటే అడగకముందే ఎవరో ఒకరు చూస్తారు.

ఆ విద్యార్థి హాస్టల్‌కో, వేరే నగరానికో, వేరే దేశానికో వెళ్ళాడనుకుందాం. మౌనంగా ఓర్చుకునే అలవాటు అతనితోపాటు వెళ్తుంది. మొహం చూసి కనిపెట్టేవాళ్ళు మాత్రం ఊళ్ళోనే ఉండిపోతారు. కొత్తచోట నియమం వేరు: కావాల్సినవాళ్ళు అడగాలి, అడగనివాళ్ళకు ఏమీ అక్కర్లేదని అర్థం. ప్రొఫెసర్ గది తలుపు తెరిచే ఉంటుంది, ఆ విద్యార్థి మాత్రం పిలిచేదాకా వెళ్ళడు. ఇక ఫోన్‌లో ఇంటికి చెబుదామంటే, దూరాన ఉన్నవాళ్ళు ఏమీ చేయలేక కుమిలిపోతారన్న భయం. "బాగానే ఉన్నాను" అన్న మాటతో ఫోన్ ముగుస్తుంది. ఇంట్లో ఉన్నంతకాలం చక్కగా పనిచేసిన పద్ధతే ఇప్పుడు ఒంటరితనమవుతుంది.

సరిహద్దులు దాటకుండానే ఈ చిక్కు రావచ్చు. నికోల్ స్టీఫెన్స్, ఆమె సహచరులు 2012లో అమెరికా యూనివర్సిటీ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, కొత్తగా చేరినవాళ్ళకు ఇచ్చే స్వాగత లేఖను రెండు రకాలుగా రాశారు. ఒక లేఖలో మీ దారి మీరు వెతుక్కోండి, మీ ఆలోచనలు మీరే వ్యక్తం చేయండి అన్న ధోరణి ఉంది. రెండోదాంట్లో అందరూ కలిసి నేర్చుకోండి, మీరు ఈ సమూహంలో భాగం అన్న ధోరణి ఉంది. లేఖ చదివాక విద్యార్థులు చిన్న ప్రసంగం చేయాలి. తల్లిదండ్రులకు డిగ్రీ లేని, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న విద్యార్థుల్లో మొదటి లేఖ చదివినవాళ్ళకు కార్టిసాల్ ఎక్కువగా పెరిగింది. రెండో లేఖ చదివినప్పుడు వాళ్ళకూ, చదువుకున్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకూ మధ్య ఆ తేడా కనిపించలేదు.

ఒక లేఖలో వాక్యాలు మారితే ఒంట్లో హార్మోన్ మారింది. ఆ పిల్లల్లో లోపమేదో ఉందనుకుంటే ఇది అర్థం కాదు. సంస్కృతి విద్యార్థికి మాత్రమే ఉంటుందని, విద్యాసంస్థ ఏ రంగూ లేని నీళ్ళలాంటిదని అనుకోవడమే ఇక్కడ పొరపాటు. సంస్థకూ సంస్కృతి ఉంటుంది. ఎవరు చొరవ తీసుకోవాలి, ఎవరిని ఏమని పిలవాలి, తప్పు ప్రశ్న అడిగినా పరవాలేదా అన్నవన్నీ ఎక్కడా రాసిపెట్టని నియమాలు. అవి ఇంట్లోనే వంటబట్టినవాళ్ళకు క్యాంపస్ హాయిగా ఉంటుంది. మిగతావాళ్ళు చదువుతోపాటు వాటినీ నేర్చుకోవాలి, ఎవరూ నేర్పకుండానే.

సంస్కృతి పేరుతో తేల్చేయొద్దు

ఇంతదాకా చెప్పినదాన్ని తూర్పువాళ్ళు ఇలా, పడమటివాళ్ళు అలా అని రెండు ముక్కలు చేసుకుంటే అది ఇంకో రకం గుడ్డితనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అండతో జరిగిన అంతర్జాతీయ కాలేజీ విద్యార్థుల సర్వే ఫలితాలు 2018, 2019ల్లో వచ్చాయి. ఎనిమిది దేశాల్లోని 19 కాలేజీల నుంచి దాదాపు 14,000 మంది మొదటి ఏడాది విద్యార్థులు అందులో పాల్గొన్నారు. సుమారు 35 శాతం మందిలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక సాధారణ మానసిక సమస్య ఉన్న లక్షణాలు కనిపించాయి. మున్ముందు మానసిక ఇబ్బంది వస్తే తప్పకుండా చికిత్సకు వెళ్తామన్నవాళ్ళు నలుగురిలో ఒకరే. మిగతావాళ్ళు చెప్పిన కారణాల్లో ముందున్నది "నేనే చూసుకుంటాను" అన్నది. ఆ తర్వాత స్నేహితులతోనో బంధువులతోనో మాట్లాడతామన్నది, సిగ్గుగా ఉంటుందన్నది. ఆ ఎనిమిది దేశాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాలే. అంటే నోరు విప్పడం గొప్ప అని చెప్పే సమాజాల్లోనూ కౌన్సెలర్ తలుపు తట్టేవాళ్ళు తక్కువే. అక్కడ ఆపేది పరువు కంటే సొంతకాళ్ళ మీద నిలబడాలన్న పట్టింపు కావచ్చు.

పరీక్షల భయమూ అంతే. వివిధ దేశాల 15 ఏళ్ళ విద్యార్థులను పోల్చే పీసా సర్వే 2015లో జరిగినప్పుడు, ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) దేశాల విద్యార్థుల్లో సగటున 66 శాతం మంది మార్కులు తగ్గుతాయేమోనని బెంగగా ఉందన్నారు. బాగా చదువుకున్నా పరీక్ష అంటే చాలా ఆందోళన అన్నవాళ్ళు 55 శాతం. ఇంత విస్తృతంగా ఉన్నదాన్ని ఏ ఒక్క సంస్కృతి నెత్తినా రుద్దలేం.

కొలతల్లోనూ చిక్కులున్నాయి. 1995లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో జపాన్, తైవాన్ హైస్కూల్ విద్యార్థులు ప్రశ్నావళిలో మధ్యలో ఉన్న జవాబును ఎక్కువగా ఎంచుకున్నారని, అమెరికా విద్యార్థులు అటు చివరనో ఇటు చివరనో ఎక్కువగా టిక్ పెట్టారని తేలింది. తేడా పెద్దదేమీ కాకపోయినా, అంకెలు పోల్చేటప్పుడు గుర్తుంచుకోవాల్సినదే. అసలు మనస్తత్వశాస్త్రం "మనుషులు" అని రాసినప్పుడల్లా ఎక్కువగా పాశ్చాత్య దేశాల్లోని, చదువుకున్న, సంపన్న సమాజాల మనుషులనే చూసి రాసిందని హెన్‌రిక్, హైనె, నొరెన్‌జాయన్ 2010లో గట్టిగా గుర్తుచేశారు. నేను పైన చెప్పిన అధ్యయనాల్లో చాలావాటికి కూడా పోలిక అమెరికాతోనే. ఆఫ్రికా, పశ్చిమాసియా, లాటిన్ అమెరికా విద్యార్థుల గురించి ఈ వ్యాసం దాదాపు మౌనంగా ఉండడానికి అది ఒక కారణం.

ఒకే ఇంట్లో కూడా సంస్కృతి అందరికీ సమానంగా అందదు. ఏడవడానికి అక్కకు అనుమతి ఉంటుంది, తమ్ముడికి ఉండదు. కోపం చూపించడానికి తమ్ముడికి అనుమతి ఉంటుంది, అక్కకు ఉండదు. తాతకు క్రమశిక్షణ అనిపించింది మనవరాలికి అవమానం అనిపించవచ్చు. చైనా మూలాలున్న తల్లుల మీద రూత్ చావ్ 1994లో ప్రచురించిన అధ్యయనం ఈ చివరి విషయంలో పనికొస్తుంది. పాశ్చాత్య కొలమానంలో నిరంకుశత్వంగా నమోదయ్యే కట్టుదిట్టాన్ని ఆ తల్లులు శ్రద్ధగా, తర్ఫీదుగా చూస్తారని ఆమె చూపించారు. పిల్లలు కూడా అలాగే చూస్తున్నంతకాలం ఆ కట్టుదిట్టం వాళ్ళకు అండ. చూడడం మానేసిన రోజు అదే ఒత్తిడికి మూలం. ఆ రోజు ఎప్పుడొచ్చిందో పెద్దలకు చాలాసార్లు తెలియదు.

విద్యార్థులతో పనిచేసేవాళ్ళకు ఇందులో పనికొచ్చేది ప్రశ్నలు మార్చుకోవడమే అనిపిస్తుంది. "నీకు దిగులుగా ఉందా" అని అడిగితే లేదనే జవాబు రావచ్చు. నిద్ర ఎలా ఉంది, తల నొప్పిగా ఉంటోందా, ఆకలి వేస్తోందా అని అడిగితే మాట మొదలవుతుంది. "ఎందుకు చెప్పలేదు" అనేదానికి బదులు "చెబితే ఇంట్లో ఏమవుతుంది" అని అడిగితే, ఆ విద్యార్థి ఇన్నాళ్ళూ ఒంటరిగా వేసుకుంటున్న లెక్క బయటికొస్తుంది. ఆ లెక్క ఒక్కోసారి తప్పు కావచ్చు, తండ్రి అనుకున్నంత కఠినంగా ఉండకపోవచ్చు. ఒక్కోసారి పూర్తిగా సరైనదే అయి ఉండవచ్చు, అప్పుడు చెప్పమని బలవంతపెట్టడం ప్రమాదం. ఓర్చుకుంటున్న పిల్లవాడిని "ఎలా ఓర్చుకుంటున్నావు, ఇదివరకు ఎవరు పక్కన ఉండేవాళ్ళు, ఇప్పుడు ఎవరున్నారు" అని అడగవచ్చు. చివరి ప్రశ్నకు ఎవరూ లేరన్న జవాబు వస్తే, మౌనాన్ని మార్చమని అతనికి పాఠం చెప్పేకన్నా ముందు, వారానికోసారి తనంతట తానే వెళ్ళి పలకరించే మనిషిని ఏర్పాటు చేయడం మీద పనిచేయాలి.